వచ్చింది... వస్తోంది... వస్తుంది

పొద్దున్న తొమ్మిదిన్నర. వరండాలో ఎర్ర గచ్చు మీద చిన్న నీటి మడుగు. దాని పక్కనే కాళ్లు ఎడంగా పెట్టి, తడిసిన చెడ్డీని రెండు వేళ్లతో ఒంటికి దూరంగా లాగి పట్టుకుని, ఈమధ్యే రెండేళ్లు నిండిన పిల్ల నిలబడి ఉంది. ముఖంలో భయం లేదు, ఆశ్చర్యం ఉంది.

"అమ్మమ్మా, ఉచ్చ వచ్చింది."

"వచ్చిందా తల్లీ? ఈసారి 'వస్తోంది' అని ముందే చెప్పు, ఇద్దరం పరిగెడదాం" అంటూ అమ్మమ్మ పాత గుడ్డ తెచ్చి నేల తుడుస్తుంది. పిల్ల ఆ గుడ్డ కొసను తానూ పట్టుకుని రెండుసార్లు రుద్దుతుంది.

కొన్ని వారాలు గడుస్తాయి. అదే వరండా. గిన్నెలతో వంట ఆట ఆడుతున్న పిల్ల చేతిలో గరిటె ఉన్నట్టుండి ఆగిపోతుంది. మోకాళ్లు దగ్గరకు చేరతాయి. "వస్తోంది!" పాటీ చేరేలోపు సగం దారిలోనే పోసేసుకున్నా అమ్మమ్మ సంబరపడుతుంది. మరికొన్ని నెలలకు, బస్సెక్కి ఊరెళ్లడానికి అందరూ చెప్పులు వేసుకుంటుంటే ఆ పిల్లే అంటుంది: "బస్సులో ఉచ్చ వస్తుందేమో, ఇప్పుడే పోసొస్తా."

చిన్నపిల్లలున్న ఏ తెలుగింట్లోనైనా కనిపించే ముచ్చటే ఇది. చెడ్డీ తడవడం మానేసిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు కానీ, ఆ కొద్ది నెలల్లో ఆ పిల్ల మాటలో జరిగిన మార్పును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 'వచ్చింది' అన్నది జరిగిపోయిన సంగతి. 'వస్తోంది' అన్నది ఈ క్షణంలో కడుపు లోపల జరుగుతున్నది. 'వస్తుందేమో' అన్నది ఇంకా రాని కాలం గురించిన ఊహ. ఒకే క్రియ మూడు కాలాల్లోకి నడిచింది. బళ్లో వ్యాకరణం చెప్పే మాస్టారికి ఇది పాఠమవుతుంది. ఈ పిల్లకు మాత్రం సొంత ఒంటితో తెలుసుకున్న సంగతి.

ఇక్కడొక మాట ముందే చెప్పుకోవాలి. పాటీ అలవాటు త్వరగా అయితే పిల్లలు త్వరగా మాట్లాడతారనీ, తెలివైనవాళ్లవుతారనీ కొందరు ప్రచారం చేస్తుంటారు. అది నిజం కాదు. పక్కింటి పిల్లాడు పద్దెనిమిది నెలలకే డైపర్ మానేశాడంటే రేపు వాడు లెక్కల్లో ముందుంటాడని అర్థం కాదు. పాటీ మీద కూర్చున్నంత మాత్రాన మాట రాదు. అక్కడ కూర్చోబెట్టిన మనిషి పిల్లతో మాట్లాడితే వస్తుంది. రోజుకు ఆరేడుసార్లు, ప్రతిసారీ ఒకే వరుసలో, పిల్ల ఒంట్లో నిజంగా ఏదో జరుగుతున్న క్షణంలోనే ఆ మాటలు వినిపిస్తాయి. చిన్నపిల్లలు మాట నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన సందర్భాలు రోజులో ఎన్నో దొరకవు. అన్నం తినిపించే వేళ ఒకటి, స్నానం చేయించే వేళ ఒకటి, ఇదొకటి.

పుట్టిన బిడ్డ రోజుకు దాదాపు ఇరవైసార్లు మూత్రం పోస్తుంది. మూత్రాశయం నిండి గోడలు సాగగానే, ఆ కబురు వెన్నుపాము దాకా వెళ్లి, ఎక్కువ భాగం కింది స్థాయి నరాల మధ్యే తేలిపోతుంది. బిడ్డ ఇష్టానికి అందులో పెద్దగా చోటు లేదు. ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేసరికి మెదడు ముందు భాగానికి క్రమంగా ఆ కబురు మీద పట్టు చిక్కుతుంది. అప్పుడు పిల్ల చేయాల్సిన పని చిన్నదేమీ కాదు. ఆట మధ్యలో ఉండగా కడుపు కింద ఒక ఒత్తిడి. అది ఆకలి కాదు, నొప్పి కాదు, ఫలానాది అని గుర్తుపట్టాలి. కాసేపు బిగపట్టాలి. చేతిలో బొమ్మ వదలాలి. ఎక్కడికి వెళ్లాలో గుర్తుండాలి. చెడ్డీ విప్పాలి. కూర్చోవాలి. అన్నిటికన్నా విచిత్రం, ఇంతసేపూ బిగపట్టిన కండరాన్ని ఇప్పుడు వదిలేయాలి. చేయాలనిపించిన పనిని ఆపుకోవడం, ఒక పని మధ్యలోంచి ఇంకో పనికి మళ్లడం, అంచెలంచెలుగా జరగాల్సిన దాన్ని మనసులో పెట్టుకోవడం. తర్వాత తరగతి గదిలో కుదురుగా కూర్చుని నేర్చుకోవడానికి కావాల్సిన శక్తులు కూడా ఇవే.

ఆ మొదటి మెట్టు, అంటే ఒంటి లోపలి సంగతిని గుర్తుపట్టి పేరు పెట్టడం, మాట లేకుండా కుదరదు. బంతిని వేలితో చూపించి 'బంతి' అనొచ్చు. కుక్కను చూపించి 'భౌభౌ' అనొచ్చు. కడుపులో ఒత్తిడిని ఎవరు వేలితో చూపించగలరు? అది పిల్లకు తప్ప ఇంకొకరికి తెలియదు. అందుకే అమ్మ ఆ పిల్ల ముఖం చదువుతుంది. మూలకు వెళ్లి నిలబడటం, తలుపు వెనక నక్కడం, ముఖం ఎర్రబడటం, ఒక్కసారిగా మాట ఆగిపోవడం చూసి, "కడుపులో గడబిడగా ఉందా? ఆయి వస్తోందా?" అని అడుగుతుంది. అలా అడిగిన ప్రతిసారీ పైకి కనబడని ఒక అనుభవానికి ఒక శబ్దం ముడిపడుతుంది. ఆ ముడి గట్టిపడితే ఇక ఆకలికీ, నిద్రకూ, నొప్పికీ, భయానికీ దారి పడినట్టే.

తెలుగుకు ఇందులో ఒక చక్కని వెసులుబాటు ఉంది. ఒంట్లో కలిగేవన్నీ మన భాషలో దాదాపు ఒకే అచ్చులో ఇముడుతాయి. నాకు ఆకలేస్తోంది, నాకు నిద్రొస్తోంది, నాకు చలేస్తోంది, నాకు ఉచ్చొస్తోంది. 'నేను' కాదు, 'నాకు'. చేసేది నేను కాదు, నాకు కలుగుతోంది అన్న తేడాను రెండేళ్ల పిల్ల నోరు ఎవరూ విడమరచి చెప్పకుండానే పట్టుకుంటుంది. తెలంగాణ ఇళ్లలో 'వస్తున్నది' అనో, 'వస్తాంది' అనో వినిపించినా అచ్చు అదే. ఒక్క వాక్యం పట్టుబడితే దాని మధ్యలో మాట మార్చి పది వాక్యాలు చేసుకోవచ్చు. "నాకు భయమేస్తోంది" అని పిల్ల మొదటిసారి అన్ననాడు, ఆ వాక్యపు అచ్చుకు పాటీ దగ్గర వినిపించిన మాటలు కూడా సాయపడి ఉంటాయి.

ఇంకొకటి. విప్పు, విప్పుకో. కడుగు, కడుక్కో. తుడువు, తుడుచుకో. వెయ్యి, వేసుకో. తనకోసం తాను చేసుకునే పనికి తెలుగు ఒక చిన్న 'కో' తగిలిస్తుంది. ఇన్నాళ్లూ 'అమ్మ విప్పింది, అమ్మ కడిగింది' అన్న పిల్ల, "నేనే విప్పుకుంటా" అని మొండికేసే రోజు వస్తుంది. చెడ్డీ ఒక కాలికి చిక్కుకుని కింద కూలబడినా సరే, అమ్మ చెయ్యి తోసేస్తుంది. మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో వచ్చిన తన పుస్తకంలో ఈ వయసును స్వతంత్రానికీ సిగ్గు-సందేహాలకూ మధ్య పెనుగులాటగా వర్ణించాడు. తెలుగు పిల్లకు ఆ స్వతంత్రం ఒక్క 'కో'లో దొరుకుతుంది. ఆఫీసుకు ఆలస్యమవుతోందని గబుక్కున మనమే లాగి తొడిగేస్తే, పోయేది రెండు నిమిషాల అలవాటు ఒక్కటే కాదు.

మన పాత ఇళ్లలో ఈ సంగతి ఇంకా చాలా ముందే మొదలయ్యేది. కాళ్లు చాపుకుని కూర్చుని, వాటి మీద పసిబిడ్డను పడుకోబెట్టి లాలపోసిన అమ్మమ్మే, మెడ నిలిచాక ఆ బిడ్డను రెండు పాదాల మీద కూర్చోబెట్టి, "స్స్... స్స్..." అని సన్నగా శబ్దం చేసేది. మొలతాడుకు కట్టిన గోచీగుడ్డ విప్పేసి, బిడ్డ వీపును తన కాళ్లకు ఆనించి, కళ్లలోకి చూస్తూ కూర్చునేది. పాలు తాగిన కాసేపటికి, నిద్ర లేవగానే, ఆ రెండు వేళల్లో తప్పకుండా. కొన్నాళ్లకు ఆ శబ్దం వినగానే బిడ్డ మూత్రం పోసేది.

ఇది మన ఒక్కరి విద్యే కాదు. తూర్పు ఆఫ్రికాలో డిగో ప్రజల తల్లులు ఇలాగే కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మధ్య కూర్చోబెట్టి, 'షూ' అనే శబ్దంతో అలవాటు చేస్తారని మార్టెన్ డెవ్రీస్, రేచెల్ డెవ్రీస్ 1977లో అమెరికా పిల్లల వైద్య పత్రిక 'పీడియాట్రిక్స్'లో రాశారు. అయిదారు నెలలకే ఆ బిడ్డలు చాలావరకు పొడిగా ఉండేవారట. వియత్నాంలో తల్లులు సన్నగా ఈల వేస్తారు. అక్కడి 47 మంది తల్లులతో మాట్లాడి స్వీడన్, వియత్నాం పరిశోధకులు 2013లో రాసిన వ్యాసంలో, రెండేళ్లు నిండేసరికి పిల్లలు తమ పని తాము చూసుకుంటున్నారని చెప్పారు.

ఈల అయినా, 'స్స్' అయినా మాట కాదు. కానీ మాటకు ముందు మెట్టు. ఒక శబ్దానికి ఒక అర్థం ఉందనీ, నువ్వు ఒకటి అంటే నేను ఒకటి చేస్తాననీ, ఇద్దరం ఒకే సంగతి మీద దృష్టి పెట్టామనీ ఆ బిడ్డకు తెలుస్తుంది. కొన్నాళ్లకు బిడ్డ కూడా ఒక కదలికతోనో, మూలుగుతోనో ముందుగా కబురు పెడుతుంది. అమ్మమ్మ ఆ కబురును చదువుతుంది. సంభాషణకు ఇది మొదటి రూపం. పెద్దల పాత పద్ధతులన్నీ మంచివని అనలేం కానీ, దీన్ని మాత్రం మోటుతనమని కొట్టిపారేయడం పొరపాటే అయింది.

పడమటి దేశాల్లో కథ వేరే దారి పట్టింది. 1961లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ పాంపర్స్‌ను మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాది టి. బెర్రీ బ్రేజెల్టన్ అనే పిల్లల వైద్యుడు తాను చూసిన 1,170 మంది పిల్లల వివరాలతో ఒక వ్యాసం ప్రచురించాడు. అంతకుముందు అమెరికాలో కొరడా ఝళిపించినంత కఠినంగా పాటీ అలవాటు చేయించేవారు. బ్రేజెల్టన్ ఆ పద్ధతి వద్దన్నాడు. పిల్ల సిద్ధపడే దాకా ఆగమన్నాడు. పిల్ల చెప్పింది అర్థం చేసుకుంటోందా, రెండు ముక్కలైనా మాట్లాడుతోందా, పెద్దవాళ్లను అనుకరిస్తోందా చూడమన్నాడు. అతను చూసిన పిల్లలు పగటి పూట పొడిగా ఉండటం సగటున ఇరవై ఎనిమిదిన్నర నెలలకు నేర్చుకున్నారు. ఇప్పటికీ పిల్లల డాక్టర్లు ఇచ్చే సలహాకు పునాది ఆ వ్యాసమే. ఆ సిద్ధపాటు గుర్తుల్లో కొన్ని భాషకు సంబంధించినవే కావడం గమనించాల్సిన విషయం. మాట పాటీకి దారి చూపుతుంది, పాటీ దగ్గర మళ్లీ కొత్త మాటలు పుడతాయి.

తర్వాతి దశాబ్దాల్లో వయసు ఇంకా పైకి జరిగింది. 2002లో షమ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 267 మంది అమెరికా పిల్లలను గమనించి చూస్తే, పగలంతా పొడిగా ఉండగలిగిన నడిమి వయసు ఆడపిల్లల్లో 32.5 నెలలు, మగపిల్లల్లో 35 నెలలు అని తేలింది. ఇందులో డైపర్ పాత్ర ఎంతో కొంత ఉందని నమ్మడానికి కారణముంది. 1980ల నుంచి డైపర్లలో నీటిని జెల్లీలా పట్టేసే పొడి వాడుతున్నారు. పోసిన క్షణంలోనే తడి మాయమవుతుంది. పిల్లకు హాయి, నిజమే. కానీ 'నేను ఇలా చేశాను, అందుకే ఇలా తడిసింది' అన్న కార్యకారణ సంబంధం ఆ జెల్లీలో కలిసిపోతుంది. తడి తెలియని పిల్లకు 'తడి', 'పొడి' అన్న మాటలు ఎలా అంటుకుంటాయి? ప్రయాణాల్లో, రాత్రిళ్లు డైపర్ వాడుకోవచ్చు. ఇంట్లో ఉన్న పగటి పూట కొన్ని గంటలైనా నూలు చెడ్డీతో వదిలితే, నేల తుడిచే శ్రమ ఒకటి పెరుగుతుంది కానీ పిల్లకు సంగతి తెలుస్తుంది.

అలాగని తొందరపడితే ఫలితం ఉండదు. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రికి చెందిన నాథన్ బ్లమ్, ఆయన సహచరులు నాలుగు వందల మందికి పైగా పిల్లల వివరాలు చూసి 2003లో చెప్పినదేమిటంటే, 27 నెలలకు ముందే పట్టుబట్టి శిక్షణ మొదలుపెట్టిన ఇళ్లలో అలవాటు ముందుగా పూర్తి కాలేదు, పూర్తయ్యే దాకా పట్టిన కాలం మాత్రం పెరిగింది. అమ్మమ్మ 'స్స్' అనే పద్ధతిలో పట్టుదల ఉండేది కాదు, వేళ మాత్రం ఉండేది. తేడా అక్కడ ఉంది.

బొమ్మతో పాటీ నేర్పే పద్ధతి చాలామందికి తెలియదు. నాథన్ అజ్రిన్, రిచర్డ్ ఫాక్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు మొదట మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పెద్దవాళ్లకు టాయిలెట్ అలవాటు నేర్పే పద్ధతిని రూపొందించారు. దాన్నే చిన్నపిల్లలకు మార్చి, 20 నుంచి 36 నెలల మధ్య వయసున్న 34 మందికి సగటున నాలుగు గంటల్లో నేర్పామని 1973లో ప్రకటించారు. ఆ నాలుగు గంటల వేగాన్ని అందరూ ఆశించకూడదు. ఆ పద్ధతిలో పిల్లల మీద ఒత్తిడి ఎక్కువని విమర్శ కూడా ఉంది. కానీ అందులో నీళ్లు తాగించి, మూత్రం పోయించే ఒక బొమ్మ ఉండేది. ముందు పిల్ల ఆ బొమ్మకు నేర్పాలి. "బొమ్మా, ఉచ్చ వస్తోందా? రా, కూచో. చెడ్డీ కిందికి. అయిపోయిందా? మంచి పిల్లవి." నేర్చుకోవాల్సిన పిల్లే టీచరవుతుంది. రెండున్నరేళ్ల పిల్లకు ఇంతకన్నా మంచి మాటల ఆట ఉండదు. దీనికి ఖరీదైన బొమ్మ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఏ ఎలుగుబంటి బొమ్మనైనా ఖాళీ డబ్బా మూత మీద కూర్చోబెడితే చాలు.

పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి నేర్పే పద్ధతి మన దగ్గరా ఉంది. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, నేటి పేరు ఎన్‌ఐఈపీఐడీ, మేధో ఎదుగుదలలో వెనకబడిన పిల్లల తల్లిదండ్రులకు ఇలాగే నేర్పిస్తూ వచ్చింది. లోపలికి వెళ్లడం ఒక మెట్టు, బటన్ విప్పడం ఒక మెట్టు, కూర్చోవడం, కడుక్కోవడం, నీళ్లు పోయడం, చేతులు కడుక్కోవడం. ఒక్కో మెట్టుకు ఒక చిన్న మాట, అవసరమైతే గోడ మీద ఒక బొమ్మ. మాట రాని పిల్ల ఆ బొమ్మను వేలితో చూపిస్తుంది. అదే ఆమె మాట. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం తయారైన ఈ పద్ధతి మిగతా పిల్లలకూ అంతే బాగా పనికొస్తుంది. 'ముందు', 'తర్వాత', 'లోపల', 'బయట', 'పైకి', 'కిందికి' అన్న మాటలన్నీ ఆ అయిదు నిమిషాల్లో రోజూ తిరిగి తిరిగి వస్తాయి.

కొన్నాళ్లకు తలుపు బయట నిలబడి వింటే లోపలి నుంచి చిన్న గొణుగుడు వినిపిస్తుంది. "చెడ్డీ విప్పాలి... కూచోవాలి... ఆగు ఆగు... ఆఁ, అయిపోయింది." పిల్ల ఎవరితోనూ మాట్లాడటం లేదు, తనతో తానే మాట్లాడుకుంటోంది. రష్యన్ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ దీన్ని చాలా విలువైనదిగా చూశాడు. పెద్దలు బయటి నుంచి ఇచ్చిన సూచన, పిల్ల పైకి అనుకునే మాటగా మారి, ఆపై లోలోపలి ఆలోచనగా స్థిరపడుతుందని అతని సిద్ధాంతం. నిన్న అమ్మమ్మ చెప్పిన మాటే ఈవేళ పిల్ల పెదాల మీద ఉంది. రేపు పెదాలు కదలవు, కానీ ఆ మాట లోపల పనిచేస్తూనే ఉంటుంది. అందుకే ఆ గొణుగుడును మధ్యలో ఆపి, "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అని నవ్వకూడదు.

వైగోట్‌స్కీ సహచరుడు అలెగ్జాండర్ లూరియా చిన్నపిల్లల చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చి చేసిన ప్రయోగాల్లో ఒక తమాషా గమనించాడు. నొక్కుతూ ఉన్న మరీ చిన్నపిల్లలకు 'నొక్కొద్దు' అని చెబితే, వాళ్లు ఇంకాస్త గట్టిగా నొక్కేవారు. ఆ వయసులో మాట పనిని మొదలుపెట్టించగలదు కానీ, ఆపించే శక్తి ఇంకా రాదు. ఇంట్లో ఇది అక్కరకొచ్చే సంగతి. "ఇక్కడ పోయొద్దు" అనేదానికన్నా "అక్కడ పోద్దాం పద" అన్నది పిల్ల కాళ్లకు దారి చూపుతుంది.

ఇక ఏ మాట వాడాలి? ఉచ్చ, పాస్, సుస్సు, ఒంటికి, ఒకటికి. ఆయి, కక్క, రెంటికి, దొడ్డికి. ఇంటికో మాట, ఊరికో మాట. ఏదైనా పర్వాలేదు, ఇంట్లో అందరూ ఒకటే వాడాలి. నాన్న ఒకటి, నానమ్మ ఒకటి, పనిచేసే ఆయమ్మ హిందీలో ఇంకొకటి అంటుంటే, పాపం ఆ పిల్ల ఒంటి సంగతి ఎవరికి ఏ మాటతో చెప్పాలో తేల్చుకునేలోపే ఆలస్యమైపోతుంది. రెండు భాషలున్న ఇంట్లో పెరగడం పిల్లలకు మేలే. కానీ అత్యవసరమైన ఈ ఒక్క సంగతికి మొదట ఒకే మాట ఉంటే మంచిది.

ఈ ఇబ్బంది బళ్లో ఇంకా బయటపడుతుంది. మూడేళ్లకే ప్లేస్కూల్లో చేర్చిన పిల్ల. ఇంట్లో చక్కగా చెప్పేది, బళ్లో రోజూ తడిపేసుకుంటోంది. అమ్మకు దిగులు, టీచరుకు విసుగు. తీరా చూస్తే కారణం ఒక్కటే. బళ్లో 'వాష్‌రూమ్' అనాలి, అదీ చెయ్యెత్తి ఇంగ్లీషులో అడగాలి. పిల్లకు తెలిసింది 'ఒంటికొస్తోంది'. ఆ మాట టీచరుకు తెలియదు, లేదా తెలిసినా ఇంగ్లీషులో చెప్పమని ఆగింది. మూడేళ్ల మూత్రాశయం అనువాదం కోసం ఆగదు. అమెరికాలో, బ్రిటన్‌లో డేకేర్‌కు వెళ్లే తెలుగు పిల్లలదీ ఇదే అవస్థ. అక్కడ చాలామంది తల్లులు చేసే పని మెచ్చుకోదగ్గది. పిల్ల అనే తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కాగితం మీద రాసి టీచరుకు ఇచ్చేస్తారు. తెల్లమ్మ నోట 'ఉచ్చ?' అన్న ప్రశ్న విన్న పిల్ల ముఖంలో ఎంత నిబ్బరం వస్తుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఒంటి భాగాల పేర్లు నేర్పడానికి కూడా ఇదే సరైన చోటు. ముక్కు, చెవి, మోచెయ్యి అని ముచ్చటగా నేర్పే మనం నడుము కిందికి వచ్చేసరికి మూగబోతాం. పిల్లకు వాటికి కూడా ఒక మర్యాదైన, స్పష్టమైన మాట ఉండాలి. కడిగేటప్పుడు "ఇక్కడ అమ్మ, నాన్న, అమ్మమ్మ కడుగుతారు, ఒంట్లో బాగోకపోతే అమ్మ పక్కనుండగా డాక్టరుగారు చూస్తారు, ఇంకెవరూ ముట్టుకోకూడదు" అని మామూలు గొంతుతో చెప్పొచ్చు. పిల్లల మీద లైంగిక దాడుల నుంచి రక్షణకు దేశంలో 2012లో పోక్సో చట్టం వచ్చింది. చట్టం దాకా వెళ్లాలన్నా ముందు పిల్ల నోట జరిగింది చెప్పగలిగే మాట ఉండాలి.

దీనికి అడ్డుపడేది 'ఛీ ఛీ', 'షేమ్ షేమ్'. తడిసిన చెడ్డీని చూపించి, చుట్టాల ముందు నవ్వుతూ 'షేమ్ షేమ్' అనడం మన ఇళ్లలో అలవాటుగా మారింది. పిల్లకు అది వేళాకోళం కాదు. తన ఒంటి సంగతి చెబితే నవ్వుతారని నేర్చుకుంటుంది. చెప్పడం మానేస్తుంది. కొందరు పిల్లలు మూత్రం పాటీలోనే పోసినా మలవిసర్జనకు మాత్రం మొండికేస్తారు, తలుపు వెనక దాక్కుంటారు, డైపర్ కావాలంటారు. ఫిలడెల్ఫియా ప్రాంతంలోనే 482 మంది పిల్లల మీద 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో ప్రతి అయిదుగురిలో ఒకరు కనీసం నెల రోజులు ఇలా నిరాకరించారు. చాలాసార్లు దీని వెనక మలబద్ధకం ఉంటుంది. ఒకసారి గట్టిగా అయి నొప్పి పుడితే, పిల్ల మళ్లీ బిగపడుతుంది. బిగపట్టినకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. పాలు తగ్గించి పండ్లు, కూరలు, నీళ్లు పెంచడం, తగ్గకపోతే డాక్టరుకు చూపించడం, ఈలోపు పాటీ పేరెత్తి పిల్లను వేధించకపోవడం ఇక్కడ మందు. గొంతుక్కూర్చునే మామూలు భంగిమ చాలామంది పిల్లలకు సుళువు. పాటీ కుర్చీ అయితే కాళ్లు గాల్లో వేలాడకుండా కింద చిన్న పీట వేయాలి.

చెల్లి పుట్టినా, జ్వరం వచ్చినా, ఇల్లు మారినా నేర్చిన పిల్ల కూడా కొన్నాళ్లు వెనక్కి పోతుంది. అది మామూలే. రాత్రి పక్క తడపడం పూర్తిగా వేరే సంగతి. అయిదేళ్లు నిండిన పిల్లల్లో కూడా దాదాపు 15 శాతం మంది పక్క తడుపుతారు. నిద్రలో ఉన్న పిల్లను తిట్టి ప్రయోజనం లేదు. అది ఆ పిల్ల చేతిలో లేదు.

మరి రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనలేకపోతుంటే? పిలిస్తే పలకకపోతే? అప్పుడు పాటీ గురించి కాక, ముందు చెవి గురించీ మాట గురించీ ఆలోచించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలకు మాట, వినికిడి, ఎదుగుదల లోపాల పరీక్షలు ఉచితంగా చేస్తారు. అవసరమైతే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. 'మా ఇంట్లో మగపిల్లలు మాట ఆలస్యంగానే నేర్చారు' అని మూడేళ్ల దాకా కూర్చోవడం తగదు. నాలుగేళ్లు దాటినా పగటి పూట తడుపుతున్నా, పోసేటప్పుడు మంటని ఏడ్చినా డాక్టరుకు చూపించాల్సిందే.

కొత్త పిల్లలు అంగన్‌వాడీలో, ప్లేస్కూల్లో చేరే వేళ బడివాళ్లు పుట్టినతేదీ పత్రం అడుగుతారు, టీకాల కార్డు అడుగుతారు. ఒంటికి వస్తే మీ పిల్ల ఏమంటుందో అడిగేవాళ్లు తక్కువ. అడగకపోయినా అమ్మానాన్నలే చెప్పాలి. పిల్ల ఏ మాట అంటుందో, మాట అనకపోతే ఏ సైగ చేస్తుందో, చెడ్డీ తానే విప్పుకోగలదో లేదో ఒక కాగితం మీద రాసి, మొదటి రోజే టీచరు చేతిలో, ఆయమ్మ చేతిలో పెట్టండి. ఆ గుమ్మం దగ్గరే పిల్లను ఎత్తుకుని, "ఉచ్చ వస్తే ఈ టీచరమ్మకు చెప్పు, ఆవిడకు నీ మాట తెలుసు" అని పిల్ల వినేలా చెప్పండి.